ఇంట్లోనే హామ్ రేడియో – 4వ పాఠం: డమ్మీ లోడ్, దాని మీదే పవర్ మీటర్

గత పాఠంలో 7 మెగాహెర్ట్జ్ సి.డబ్ల్యు. (మోర్స్ కోడ్ పంపే) ట్రాన్స్‌మిటర్ బోర్డు పూర్తిచేసి, ఫైనల్ ట్రాన్సిస్టర్ ఐ.ఆర్.ఎఫ్.510 ని హీట్‌సింక్‌కి బిగించి ఆపేశాం. మోర్స్ కీ మాత్రం ఇప్పుడే నొక్కొద్దన్నాను. కారణం ఈ పాఠమే.

ట్రాన్స్‌మిటర్ ఔట్‌పుట్ దగ్గర ఏమీ లేకుండా కీ నొక్కితే పుట్టిన శక్తికి పోయే దారి ఉండదు. తిరిగి ఫైనల్ ట్రాన్సిస్టర్ మీదికే వస్తుంది. ఒక్కోసారి ఆ స్టేజీ తనంతట తానే వేరే ఫ్రీక్వెన్సీలో ఆసిలేట్ అవడం మొదలుపెట్టి, చూస్తుండగానే వేడెక్కి పోతుంది. పోనీ యాంటెన్నా తగిలిద్దామంటే, ఇంకా పరీక్షించని సిగ్నల్‌ని గాల్లోకి వదలడం తప్పు. అందుకే మధ్యలో ఒకటి కావాలి: ట్రాన్స్‌మిటర్‌కి యాంటెన్నాలా కనిపించాలి, శక్తినంతా వేడిగా మార్చుకోవాలి, బయటికి వీలైనంత తక్కువ వదలాలి. అదే డమ్మీ లోడ్. దానికి ఒక డయోడ్, ఒక కెపాసిటర్ తగిలిస్తే పవర్ మీటర్ కూడా అవుతుంది.

నన్నడిగితే రేడియో కట్టాలనుకునేవాళ్లు మొదట కట్టాల్సింది రేడియో కాదు, ఇదే. కొలిచే సాధనం లేకపోతే బోర్డు పనిచేస్తోందో లేదో కూడా తెలియదు. భారతదేశంలో మామూలుగా దొరికే విడిభాగాలతో చేసుకునేలా బిట్‌ఎక్స్ ట్రాన్సీవర్‌ని (పంపడం, వినడం రెండూ చేసే రేడియోని) డిజైన్ చేసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న హైదరాబాదీ అష్హర్ ఫర్హాన్ (కాల్‌సైన్ వి.యు.2.ఇ.ఎస్.ఇ.), రేడియోలతో ఆగలేదు. స్వీపరినో, యాంట్యుయినో అని పరీక్షా పరికరాలు కూడా చేశారు. రేడియో చేసేవాడి బల్ల మీద ఈ రెండో రకం సామాను ఎంత ముఖ్యమో దీన్నిబట్టి చూడండి.

లెక్క సంగతి

ట్రాన్స్‌మిటర్ లోపలికి ఎంత పవర్ పోతుంది, ఎంత బయటికొస్తుంది అని గత పాఠం చివర ఇచ్చిన లెక్కకి జవాబు: 12 వోల్టుల దగ్గర 0.9 ఆంపియర్లు తీసుకుంటే లోపలికి పోయేది 10.8 వాట్లు. అందులో సగం దాకా బయటికొస్తే బాగా వచ్చినట్టే. అంటే మనం ఎదురుచూసేది 5 వాట్లు. ఈ అంకె గుర్తుంచుకోండి, చివర్లో దీంతో పని ఉంది.

బల్బు ఎందుకు వద్దు?

పాతకాలం హామ్‌లు (సరదాకి రేడియో నడిపేవాళ్లు) చాలామంది బండి ఇండికేటర్ బల్బునే లోడ్‌గా వాడేవారు. వెలిగితే పవర్ వస్తున్నట్టు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది కానీ కొలతకి పనికిరాదు. 12 వోల్టుల 5 వాట్ల బల్బు పూర్తిగా వెలిగినప్పుడు దాని రెసిస్టెన్స్ సుమారు 29 ఓములు. చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటర్ పెట్టి చూడండి, అందులో పదో వంతు దగ్గర చూపిస్తుంది. కీ నొక్కిన క్షణంలో ఒక లోడ్, అర సెకను తర్వాత ఇంకో లోడ్. మన ట్రాన్స్‌మిటర్‌ని 50 ఓములకి డిజైన్ చేశాం కాబట్టి మారకుండా 50 దగ్గరే నిలిచేది కావాలి. ఎల్.ఇ.డి. బల్బు సంగతి అసలు తలపెట్టకండి.

సామాను

1 కిలో ఓమ్, 1 వాట్ మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు 20. వెయ్యి ఓముల రెసిస్టర్లు ఇరవై పక్కపక్కన (ప్యారలల్‌గా) కలిస్తే 1000 ÷ 20 = 50 ఓములు. వేడి కూడా ఇరవై మందికీ సమానంగా పంచుతుంది కాబట్టి మొత్తం 20 వాట్లు తట్టుకుంటుంది. మనకి కావలసింది 5 వాట్లే, కానీ మార్జిన్ ఉంటే మనశ్శాంతి. అర వాట్‌వి దొరికినా పని జరుగుతుంది. కార్బన్ ఫిల్మ్ అయినా ఫరవాలేదు. షాపువాడు "ఒక్కటే 50 ఓములది ఉంది సార్, 10 వాట్లు" అని తెల్లటి సిమెంట్ రెసిస్టర్ చేతిలో పెడితే మాత్రం తీసుకోకండి. అందులో ఉండేది సాధారణంగా తీగ చుట్టు. బ్యాటరీకి అది రెసిస్టరే, 7 మెగాహెర్ట్జ్‌కి మాత్రం అది కాయిల్ కూడా.

ఒక వైపు రాగి పూత ఉన్న పి.సి.బి. షీటు నుంచి 7 సెంటీమీటర్ల చదరపు ముక్కలు రెండు. ఒక బి.ఎన్.సి. సాకెట్ (కేబుల్ తగిలించడానికి). 1ఎన్4148 డయోడ్ ఒకటి, 0.01 మైక్రోఫారడ్ (103 అని రాసి ఉంటుంది) 100 వోల్టుల సిరామిక్ కెపాసిటర్లు రెండు, 10 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి. అన్నిటిలో ఖరీదైనది ఆ సాకెట్టే అవుతుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ దొరుకుతాయి. చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్.పి. రోడ్ ఉండనే ఉన్నాయి.

సి.సి.టి.వి. పనికి అమ్మే బి.ఎన్.సి. 75 ఓములది కదా అని కొందరికి టెన్షన్. 7 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 40 మీటర్ల పైమాట. అందులో ఒక సెంటీమీటరు సాకెట్ తేడా లెక్కలోకి రాదు. సాకెట్, ప్లగ్గు ఒకే రకానివి తీసుకుంటే చాలు. కేబుల్ మాత్రం 50 ఓముల ఆర్.జి.-58 కొనండి, టీవీది వద్దు.

కట్టడం

రెండు ముక్కల మీదా అటు ఐదు, ఇటు ఐదు చుక్కలు, చుక్కకీ చుక్కకీ 12 మిల్లీమీటర్ల దూరం ఉండేలా గుర్తుపెట్టండి. మొత్తం 25 చుక్కలు. నాలుగు మూలలవి స్క్రూలకి, నట్ట నడిమిది సాకెట్‌కి పోతే సరిగ్గా 20 మిగులుతాయి. రెండు ముక్కల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి టేపు చుట్టి, రెండింటికీ ఒకేసారి 1 మిల్లీమీటరు డ్రిల్లు వేయండి. విడివిడిగా వేస్తే కాళ్లు కలవక, చివరి వరసకి వచ్చేసరికి ఓపిక పోతుంది.

రాగి వైపు రెండింటికీ బయటికి ఉండాలి. కింది ముక్క మధ్యలో రంధ్రం పెద్దది చేసి సాకెట్ బిగించండి. దాని బాడీ రాగికి తగలాలి. అది గ్రౌండ్. రెసిస్టర్లన్నీ కింది ముక్కలో నిలబెట్టి ఒక్కో కాలు సోల్డర్ చేశాక, పై ముక్కని నెమ్మదిగా దించాలి. ఇక్కడే ఆలస్యమయ్యేది. అంచుల్లో ఉన్న రెసిస్టర్ల కాళ్లు కాస్త పొడుగ్గా, లోపలికి వచ్చేకొద్దీ పొట్టిగా కత్తిరించుకుంటే ఒక్కో వరస చొప్పున దూర్చుకోవచ్చు. సాకెట్ మధ్య పిన్ను నుంచి పై ముక్క నడిమధ్యకి మందపాటి రాగి తీగ నిటారుగా, వీలైనంత పొట్టిగా వెళ్లాలి. మూలల్లో స్క్రూలు వేస్తే ప్లాస్టిక్ స్పేసర్లు, ప్లాస్టిక్ స్క్రూలే వాడండి. లోహపువి వేస్తే రెండు ప్లేట్లూ షార్ట్ అయి కూర్చుంటాయి.

రాగి పెద్ద ప్లేటు కదా, వేడిని పీల్చేస్తుంది. 25 వాట్ల ఐరన్‌తో ప్రతి కాలు దగ్గరా మూడు నాలుగు సెకన్లు ఆగి, టంకం పారి కాలు చుట్టూ మెరిసే దాకా చూడండి. బూడిద రంగులో ముద్దలా నిలిస్తే అది అతుకు కాదు, అంటుకున్నట్టు నటిస్తోందంతే.

ఇప్పుడు ప్రోబ్, అంటే పవర్ కొలిచే భాగం. పై ప్లేటు నుంచి డయోడ్. డయోడ్ మీద నల్ల గీత ఉన్న కాలు అవతలి వైపు. ఆ కాలు నుంచి గ్రౌండ్‌కి మొదటి 103 కెపాసిటర్. అక్కడి నుంచే 10 కిలో ఓముల రెసిస్టర్ గుండా మీటర్ ఎర్ర వైరుకి, ఆ చివర రెండో 103 గ్రౌండ్‌కి. మీటర్ నల్ల వైరు గ్రౌండ్‌కి. ఆ 10 కిలో ఓములు, రెండో కెపాసిటర్ కలిసి ఆర్.ఎఫ్.ని (ట్రాన్స్‌మిటర్ పుట్టించే రేడియో సిగ్నల్‌ని) మీటర్ వైర్లలోకి పాకకుండా ఆపుతాయి. లేకపోతే చేయి దగ్గరికి తెస్తే ఒక రీడింగు, తీస్తే ఇంకో రీడింగు.

మల్టీమీటర్‌ని ఎ.సి. రేంజ్‌లో పెట్టి నేరుగా కొలవొచ్చు కదా అని అడుగుతారు. బజారులో దొరికే పసుపు రంగు మీటర్లు కొన్ని వందల హెర్ట్జ్ దాకానే ఎ.సి.ని నమ్మకంగా కొలుస్తాయి. మనది డెబ్భై లక్షల హెర్ట్జ్. అందుకే డయోడ్‌తో దాని శిఖరాన్ని పట్టి డి.సి.గా మార్చి ఇస్తున్నాం.

పరీక్ష, మూడు మెట్లు

మొదటిది రెసిస్టెన్స్. మీటర్ 200 ఓముల రేంజ్‌లో పెట్టి ముందు దాని వైర్ల కొనలు రెండూ ఒకదానికొకటి తాకించండి. 0.3, 0.5 ఏదో చూపిస్తుంది; అది వైర్లది, తీసేయాలి. తర్వాత సాకెట్ దగ్గర కొలవండి. 49 నుంచి 51 మధ్య వస్తే హాయిగా ఉండండి. 52.6 వస్తే మాత్రం అనుమానించాలి: 1000 ని 19 తో భాగిస్తే వచ్చే అంకె అదే. ఒక కాలు అంటుకోలేదన్నమాట. 55.6 వస్తే రెండు. 5 శాతం టాలరెన్స్ రెసిస్టర్లు కొన్నవాళ్లకి అన్నీ సరిగ్గా ఉన్నా 52 రావచ్చు, కాబట్టి ప్రతి రెసిస్టర్‌నీ వేలితో కాస్త కదిపి చూడండి. అంకె ఎగిరితే దోషి దొరికినట్టే.

రెండోది బ్యాటరీ. పాజిటివ్ వైరు సాకెట్ మధ్య పిన్నుకి, నెగటివ్ గ్రౌండ్‌కి. 12.6 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే 0.25 ఆంపియర్ల కరెంటు పోవాలి, అంటే సుమారు 3 వాట్లు. ఇదే సమయంలో ప్రోబ్ చివర వోల్టేజీ చూడండి. సుమారు 12.2 వస్తుంది. ఆ 0.4 తేడా డయోడ్ తినేసింది. ఆర్.ఎఫ్. దగ్గర డయోడ్ గుండా కరెంటు చిన్న చిన్న విసుర్లుగా పోతుంది కాబట్టి కాస్త ఎక్కువే తింటుంది. అందుకని మనం 0.6 అని పెట్టుకుందాం.

మూడోది ఆర్.ఎఫ్. మీటర్ డి.సి. 200 వోల్టుల రేంజ్‌లో ఉండాలి. 20 లో పెడితే స్క్రీన్ ఎడమ పక్కన 1 ఒక్కటే నిలబడి ఉంటుంది, మీటర్ పాడైందనుకుంటారు. కీ మూడు నాలుగు సెకన్లకి మించి నొక్కకండి. రీడింగుకి 0.6 కలిపి, వర్గం చేసి, 100 తో భాగించండి. అదే వాట్లలో పవర్. శిఖర వోల్టేజీ వర్గాన్ని రెసిస్టెన్స్‌కి రెట్టింపుతో భాగించాలి, 50 కి రెట్టింపు 100 కాబట్టి లెక్క ఇంత తేలికైంది. 21.8 వస్తే 22.4 వర్గం 501.8, అంటే 5 వాట్లు. 13.5 అయితే 2 వాట్లు, 9.4 అయితే 1 వాట్. అర వాట్ కన్నా కింద ఈ కొలతని అంతగా నమ్మకండి. అక్కడ డయోడ్ తినే భాగం వచ్చే వోల్టేజీతో పోలిస్తే పెద్దదైపోతుంది. పాత రేడియో బోర్డుల్లో ఓ.ఎ.79 లాంటి జెర్మేనియం డయోడ్ దొరికితే చిన్న పవర్‌లకి అది మేలు.

పై హద్దు కూడా ఉంది. కెపాసిటర్ శిఖరం దాకా చార్జ్ అయి ఉండగా ఆర్.ఎఫ్. అవతలి దిక్కుకి ఊగితే డయోడ్ మీద రెట్టింపు వోల్టేజీ పడుతుంది. 10 వాట్ల దగ్గర అది 63 వోల్టులు. 1ఎన్4148 హద్దు 100. 25 వాట్లకి సరిగ్గా ఆ హద్దు మీదికే వస్తాం. కాబట్టి ఈ ప్రోబ్‌ని 10 వాట్ల దగ్గర ఆపేయండి. నూనెలో ముంచితే ఇంకా ఎక్కువ తట్టుకోదా అంటే, రెసిస్టర్లు తట్టుకుంటాయి, డయోడ్ తట్టుకోదు. కొబ్బరినూనె పోస్తామనేవాళ్లూ ఉన్నారు. చలికాలం పొద్దున్నే అది గడ్డకట్టి ఉంటుంది, ఎందుకొచ్చిన గొడవ.

నానో వి.ఎన్.ఎ. (యాంటెన్నాలు, లోడ్లు పరీక్షించే చిన్న పరికరం) ఉన్నవాళ్లు ఈ లోడ్‌ని దాంతో ఒకసారి చూడొచ్చు. 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఎస్.డబ్ల్యు.ఆర్. (లోడ్ 50 ఓములకి ఎంత దగ్గరగా ఉందో చెప్పే అంకె, 1 అయితే సరిగ్గా ఉన్నట్టు) 1.1 లోపు రావాలి. కానీ ట్రాన్స్‌మిటర్ కేబుల్‌ని మాత్రం పొరపాటున కూడా నానో వి.ఎన్.ఎ.లోకి పెట్టకండి. కీ ఒక్కసారి నొక్కినా దాని ముందు భాగం కాలిపోవచ్చు.

5 వాట్లు వచ్చాయి, మరి అవి ఎక్కడివి?

చాలామంది ఇక్కడే ఆగి పండగ చేసుకుంటారు. డయోడ్‌కి ఫ్రీక్వెన్సీ తెలియదు. 7.030 మెగాహెర్ట్జ్‌లో ఉన్న సిగ్నల్‌తోపాటు 14.060, 21.090 లో ఉన్న హార్మోనిక్స్‌నీ (రెట్టింపు, మూడింతల ఫ్రీక్వెన్సీల్లో అక్కర్లేకుండా పుట్టేవాటిని) కలిపేసుకుని ఒకే అంకె చూపిస్తుంది. ఫైనల్ స్టేజీ పిచ్చిపట్టి ఆసిలేట్ అవుతున్నా దానికి అది పవరే. దానికి సులువైన గుర్తు: కీ వదిలినా మీటర్ సున్నాకి రాకపోతే, లేదా డ్రైవ్ (ఫైనల్ స్టేజీకి ఇచ్చే సిగ్నల్) తీసేసినా వోల్టులు చూపిస్తుంటే, అది మీ సిగ్నల్ కాదు.

షార్ట్‌వేవ్ రిసీవర్ గానీ, ఆర్.టి.ఎల్.-ఎస్.డి.ఆర్. డాంగిల్ (కంప్యూటర్‌కి తగిలించే చిన్న రిసీవర్) గానీ ఉంటే గదికి అవతలి మూల పెట్టి వినండి. డమ్మీ లోడ్ ఎంత మంచిదైనా గదిలో వినపడేంత సిగ్నల్ కారుతూనే ఉంటుంది. ఇప్పుడు అది మనకి ఉపకారమే. ముందు 7.030, తర్వాత 14.060, తర్వాత 21.090. ఫిల్టర్ లేని మన బోర్డు మూడు చోట్లా కూస్తుంది. పక్కనే పెడితే రిసీవరే ఓవర్‌లోడ్ అయి లేనివి కూడా చూపిస్తుంది, అందుకే అవతలి మూల అన్నది.

ఒక మాట. డమ్మీ లోడ్ ఉంది కదా అని లైసెన్సు వాయిదా వేయకండి. మన దేశంలో ట్రాన్స్‌మిటర్ ఇంట్లో ఉంచుకోవడానికే అనుమతి కావాలి. అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్స్ పరీక్ష రాసి, కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలోని డబ్ల్యు.పి.సి. విభాగం నుంచి లైసెన్సు తీసుకోవాలి. రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడులున్నాయి. ఇంకా రాయనివాళ్లు లోడ్, ప్రోబ్ కట్టి మొదటి రెండు పరీక్షలూ చేసి ఆగండి. మూడోది లైసెన్సు ఉన్న హామ్ దగ్గర, ఆయన సమక్షంలో.

ఇంటి పని: సప్లై 12 వోల్టులు, కరెంటు 0.7 ఆంపియర్లు, ప్రోబ్ మీద 16.4 వోల్టులు. ట్రాన్స్‌మిటర్ ఎంత శాతం పవర్‌ని బయటికి పంపుతోంది, ఎంత హీట్‌సింక్‌కి పోతోంది? మీ బోర్డుకి కూడా ఇదే లెక్క వేసి, 14.060 లో ఎంత గట్టిగా వినపడుతోందో పక్కన రాసి పెట్టుకోండి.

5వ పాఠంలో ఈ హార్మోనిక్స్‌ని ఆపే లో-పాస్ ఫిల్టర్. టి50-2 టొరాయిడ్లు (కాయిల్ చుట్టే ఉంగరాలు) మూడు, 24 నంబరు ఎనామెల్ తీగ రెండు మీటర్లు, 470, 1000 పికోఫారడ్ కెపాసిటర్లు రెండేసి సిద్ధంగా పెట్టుకోండి.