స్కీయింగ్ నేర్పడానికి వెళ్తున్నారా? రైలెక్కే ముందు ఫస్ట్ ఎయిడ్ సంగతి చూసుకోండి

నవంబర్ దాటిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, జనవరి బ్యాచ్‌కి అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్‌గా రమ్మన్నారు. ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ కావాలంటున్నారు. వైజాగ్‌లో ఒక్క రోజులో ఎక్కడిస్తారు?" అడిగేవాళ్లంతా మంచి పిల్లలే. మనాలీలోనో, ఔలీలోనో, గుల్మార్గ్‌లోనో బేసిక్, ఇంటర్మీడియెట్ కోర్సులు చేసి, కొత్తవాళ్లను నిలబెట్టి నేర్పే దాకా వచ్చినవాళ్లు. ఒక్క రోజులో కాగితం దొరుకుతుంది. దాంతో ఢిల్లీ రైలు ఎక్కెయ్యొచ్చు కూడా. ఆ తర్వాత సంగతే నా భయం.

మనది సముద్రం ఊరు. వడదెబ్బ తగిలిన మనిషిని నీడకు చేర్చాలని, తడిగుడ్డ వెయ్యాలని మన దగ్గర బడి పిల్లలకు కూడా తెలుసు. చలిదెబ్బ గురించి మన ఇళ్లలో ఎవరూ చెప్పలేదు. లంబసింగి పొగమంచులో ఒక పూట వణికి వచ్చినంత మాత్రాన చలి తెలిసినట్టు కాదు. పైగా మన చేతులకు అలవాటైన చిట్కాలు కొన్ని మంచులో ఎదురు తిరుగుతాయి. హిమాచల్ కుర్రాడు పుట్టుకతో నేర్చుకున్నది మనం శిక్షణలో నేర్చుకోవాలి. అందుకే మనవాళ్లకు ఈ కోర్సు రెండింతలు అవసరం అంటాను.

ముందు కాగితం సంగతి తేల్చేద్దాం. మిమ్మల్ని పిలిచినవాళ్లను మెయిల్‌లో అడగండి: ఎన్ని గంటల కోర్సు కావాలి, ఎవరిచ్చిన సర్టిఫికెట్ ఒప్పుకుంటారు, ప్రాక్టికల్ తప్పనిసరా అని. జవాబు రాతలో ఉంటే రేపు అక్కడికెళ్లాక గొడవ ఉండదు. సర్టిఫికెట్ గడువు ఇచ్చిన సంస్థను బట్టి 2 ఏళ్లో, 3 ఏళ్లో ఉంటుంది. సీజన్ మార్చి దాకా నడుస్తుంది కాబట్టి ఫిబ్రవరిలో గడువు తీరిపోయే కాగితం పట్టుకెళ్లకండి. విదేశాల్లో నేర్పాలన్న ఆలోచన ఉన్నవాళ్లకు ఇది ఇంకా గట్టిగా వర్తిస్తుంది. బ్రిటన్ ఇన్‌స్ట్రక్టర్ల సంఘం బాసీ, లైసెన్స్ నిలవాలంటే చెల్లుబాటులో ఉన్న ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ చూపించమంటుంది. మొత్తం ఆన్‌లైన్‌లో వీడియోలు చూసి తెచ్చుకున్న సర్టిఫికెట్‌ను నేనైతే లెక్కలోకి తీసుకోను. బొమ్మ ఛాతీ మీద చెయ్యి పెట్టి నొక్కకుండా సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కి, శ్వాస ఇవ్వడం) వచ్చింది అనడం, ఈత పుస్తకం చదివి రుషికొండలో దిగడం లాంటిది.

మన ఊళ్లో ఇంకో చిక్కుంది. చాలామంది దగ్గర ఫ్యాక్టరీ ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ ఉంటుంది. 150 మంది కార్మికులకు ఒక ఫస్ట్ ఎయిడ్ బాక్స్, దాన్ని చూసుకోవడానికి సర్టిఫికెట్ ఉన్న ఒక మనిషి ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం పెట్టింది. ఆ పుణ్యమా అని స్టీల్‌ప్లాంట్, పోర్టు, రిఫైనరీ ఉన్న ఈ ఊళ్లో కట్టు కట్టడం వచ్చినవాళ్లు తేలిగ్గానే దొరుకుతారు. నాదీ మొదట అదే సర్టిఫికెట్. పునాదికి అది మంచిదే. రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ వాళ్ల శిక్షణ అయినా అంతే, మొదటి మెట్టుగా తప్పకుండా చెయ్యండి.

కాకపోతే ఆ శిక్షణ అంతా 108కి ఫోన్ చేస్తే కాసేపట్లో బండి వస్తుందన్న లెక్క మీద నడుస్తుంది. కొండ వాలు మీద బండి రాదు. మంచు మీద జారే స్లెడ్జ్ రావాలి, దాన్ని మనుషులు దించాలి, కింద రోడ్డు మీద మంచు తీసి ఉండాలి. అరగంట కావచ్చు, రెండు గంటలు కావచ్చు. ఆసేపు ఆ మనిషి పూర్తిగా మీ చేతిలో ఉంటాడు. అందుకోసమే విల్డర్‌నెస్ ఫస్ట్ ఎయిడ్ అని వేరే కోర్సు ఉంది. మామూలుగా 2 రోజులు, 16 గంటలు. దాని పెద్దన్న విల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్, 70 నుంచి 80 గంటలు. ముస్సోరీ పక్కన లాండౌర్‌లో ఉన్న హనిఫ్ల్ సెంటర్ ఇలాంటివి నడుపుతుంది. అసిస్టెంట్‌గా వెళ్లేవాళ్లకు 16 గంటలది చాలు. బ్యాచ్ మొత్తానికి మీరే పెద్ద అయితే మాత్రం రెండోది చేసి వెళ్లండి. ఖర్చు ఎక్కువే, కాదనను.

ఇక నా మొదటి సీజన్ సంగతి. మనాలీ దగ్గరి సోలంగ్‌లో బేసిక్ బ్యాచ్, మధ్యాహ్నం మూడు దాటింది. గాజువాక కుర్రాడొకడు పొద్దుటి నుంచి పడుతూ లేస్తూ ఉన్నాడు. గ్లవ్స్ తడిసిపోయాయి, లోపల వేసుకున్నది కాటన్ బనీను, అదీ చెమటకు తడిసింది. తన వంతు కోసం మంచు మీదే కూలబడ్డాడు. గజగజ వణుకుతుంటే వెళ్లి పక్కన కూర్చున్నాను. కాసేపటికి వణుకు తగ్గింది. "ఎలా ఉందిరా?" అంటే "బానే ఉందక్కా, ఇప్పుడు చలెయ్యట్లేదు" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. ఆ మాట ముద్దముద్దగా వచ్చిందని నాకు తట్టనే లేదు. వేళ్ల కొనలు మైనంలా తెల్లగా ఉంటే, ఇంట్లో అమ్మ చేసినట్టే నా రెండు అరచేతులతో గట్టిగా రుద్దడం మొదలుపెట్టాను.

పై నుంచి మా ఉస్తాద్ (పెద్ద ఇన్‌స్ట్రక్టర్) వచ్చి నా మణికట్టు పట్టుకుని ఆపాడు. కుర్రాడితో "జాకెట్ జిప్ వేసుకో" అన్నాడు. వాడు జిప్ తల పట్టుకోవడానికి మూడుసార్లు ప్రయత్నించి వదిలేశాడు. ఉస్తాద్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. తడి బట్టలు తీసేసి పొడివి తొడిగి, కింద రెండు రక్‌సాక్‌లు, మ్యాట్ పరిచి, టోపీ పెట్టి, రెండు జాకెట్లలో చుట్టి స్లెడ్జ్ మీద దించారు. సాయంత్రానికి కోలుకున్నాడు. నా దగ్గర అప్పటికి సర్టిఫికెట్ ఉంది, గడువు కూడా ఉంది.

అందుకే చలి గురించి కొంచెం వివరంగా రాస్తున్నాను. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీలకు దిగిందంటే అది హైపోథర్మియా. వణుకు శరీరం చేసే పోరాటం. వేడి దొరకకుండానే, పొడి బట్టలు వెయ్యకుండానే వణుకు ఆగిందంటే ఒంట్లో శక్తి అయిపోయిందని అర్థం. మాట తడబడటం, కాలు తడబడటం, చేతిలోది జారిపోవడం, ఊరికే విసుక్కోవడం దీని ముందు గుర్తులు. జిప్ పరీక్ష చాలా పనికొస్తుంది, అనుమానం వచ్చిన ప్రతిసారీ చేయించండి. గాలి నుంచి, తడి నుంచి, ముఖ్యంగా కింద ఉన్న మంచు నుంచి మనిషిని వేరు చెయ్యాలి. మనవాళ్లు పైన దుప్పట్లు కప్పుతారు, కింద ఏమీ వెయ్యరు. వేడి నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి చంకల్లో, ఛాతీ దగ్గర పెట్టొచ్చు. పూర్తి తెలివిలో ఉండి, కప్పు తనే పట్టుకోగలిగితేనే తియ్యటి టీ ఇవ్వండి. బాగా చల్లబడిన మనిషిని కుదపకూడదు, కాళ్లూ చేతులూ పిసకకూడదు, లేచి నడవమనకూడదు. ఆ స్థితిలో గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

బ్రాందీ సంగతి ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఎత్తుతారు. తాగితే చర్మం వెచ్చగా అనిపిస్తుంది, నిజమే. లోపలి రక్తం చర్మం దగ్గరికొచ్చి ఉన్న వేడి కాస్తా బయటికి పోతుంది. బ్యాగుల్లో ఉంటే మొదటి రోజే తీయించేస్తాను. తిట్టుకుంటారు, పర్వాలేదు.

వేళ్లు, ముక్కు, చెవులు తెల్లబడి మొద్దుబారితే రుద్దొద్దు. అమృతాంజన్ వద్దు, మంచు అంతకన్నా వద్దు. హీటర్ దగ్గర పెట్టొద్దు, స్పర్శ లేని చర్మం కాలినా తెలీదు. కొద్దిగా తెల్లబడి ఇంకా మెత్తగా ఉంటే సొంత చంకలో పెట్టుకుంటే చాలు. గట్టిపడిపోతే 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో ముంచి కరిగించాలి. అది కూడా మళ్లీ గడ్డకట్టదన్న నమ్మకం ఉన్నచోటే, అంటే కిందికి చేరాకే. కరిగి మళ్లీ గడ్డకడితే నష్టం మొదటిదానికంటే ఎక్కువ.

తర్వాత ఎత్తు. సముద్రం ఒడ్డు నుంచి బయల్దేరి మూడో రోజుకి 2,500 మీటర్ల దగ్గర తేలతాం. గుల్మార్గ్ 2,650 మీటర్లు, అక్కడి గొండోలా (కేబుల్ కార్) రెండో దశ ఎక్కితే 3,900 దాటుతుంది. తలనొప్పికి తోడు వికారం, అన్నం సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం ఉంటే ఎత్తు పడలేదని లెక్క. ప్రయాణంలో కడుపు పాడైందిలే అని తోసెయ్యకండి, ఆ రోజు ఇంక పైకి పంపకండి. గీత గీసి మడమకి బొటనవేలు ఆనించుకుంటూ నడవమనండి. తూలితే, అర్థం లేని మాటలు వస్తే, లేదా కూర్చుని ఉన్నా ఆయాసం, దగ్గు ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు. ఆక్సిజన్ ఉంటే పెట్టి, వెంటనే కిందికి దించడమే వైద్యం. ఎత్తు పడకపోవడానికి వాడే డయామాక్స్ మాత్ర గురించి వైజాగ్‌లో ఉండగానే డాక్టర్‌ను అడగాలి, ఫ్రెండ్ ఇచ్చాడని వేసుకునేది కాదు.

దెబ్బల విషయానికొస్తే స్కీయింగ్‌లో ఎక్కువగా చూసేది మోకాలు. మెలిపడి "టప్" మని శబ్దం వచ్చి వాచిందంటే ఆ రోజుకి ఆ కాలి మీద బరువు పెట్టనివ్వకండి. స్కీ పోల్ (చేతికర్ర) పట్టుకునే పడితే చేతి బొటనవేలు వెనక్కి వంగిపోయి కీలు పక్కనుండే లిగమెంట్ తెగొచ్చు. బెణుకే కదా అని వదిలేస్తే పట్టు పోతుంది. కాలు విరిగిందన్న అనుమానం ఉంటే స్కీ బూటును అక్కడే లాగెయ్యకండి. తలకు దెబ్బ తగిలితే, హెల్మెట్ ఉన్నా సరే, ఆ రోజుకి స్కీయింగ్ అయిపోయినట్టే. తేదీ అడిగితే చెప్పాడు కదా అని మళ్లీ పంపకండి, రాత్రంతా ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. మెడనొప్పి అంటే కదపొద్దు.

ఇవన్నీ చూసే ముందు ఇంకో పని ఉంది. దెబ్బతిన్న మనిషికి పైవైపు, వాలు మీద, రెండు స్కీలను ఇంటూ గుర్తులా గుచ్చండి. పై నుంచి వచ్చేవాళ్లు దూరం నుంచే చూసి తప్పుకుంటారు. మిగతా బ్యాచ్‌ను పక్కకి చేర్చండి. ప్రమాదం చూసిన ప్రతి స్కీయరూ సాయం చెయ్యాలన్నది అంతర్జాతీయ స్కీ సమాఖ్య పెట్టిన 10 నియమాల్లో తొమ్మిదోది. కాబట్టి అటుగా వెళ్లేవాళ్లను పిలవడానికి మొహమాటపడక్కర్లేదు.

సీపీఆర్ లెక్క మీకు తెలిసిందే: నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, 30 నొక్కులకు 2 శ్వాసలు. మంచులో కూరుకుపోయిన మనిషికి ఊపిరాడకే ప్రాణం పోతుంది, కాబట్టి శ్వాసలు మానెయ్యకండి. మంచు చరియలు విరిగిపడే (అవలాంచ్) ప్రమాదాల శిక్షణ వేరే చదువు. ట్రాన్స్‌సీవర్ (కూరుకుపోయినవాళ్ల సిగ్నల్ పట్టే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే కర్ర), పార వాడటం రానివాళ్లు గీసిన ట్రాక్ దాటి బ్యాచ్‌ను తీసుకెళ్లకూడదు.

వైజాగ్‌లో మంచు లేదు కదా, సాధన ఎలా అని అడుగుతారు. నేను చేసేది చెప్తాను. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకు ఐస్ ఎక్కించే చోట బకెట్‌డు ముక్కల ఐస్ తెచ్చుకుంటాను. చేపల వాసన భరించాలి. అందులో నీళ్లు పోసి, చేతులు ఒక నిమిషం ముంచి తీసి, వెంటనే త్రికోణపు కట్టు కట్టాలి, టేపు చింపాలి, జిప్ తియ్యాలి. మొదటిసారి నాకు టేపు కొస ఎక్కడుందో గోళ్లకు దొరకలేదు. అప్పటి నుంచి ప్రతి టేపు కొసనూ ముందే మడిచి పెట్టుకుంటాను. మనిషిని లాగడానికి యారాడలో పొడి ఇసుక వాలు బ్రహ్మాండంగా పనికొస్తుంది. 70 కిలోల స్నేహితుడిని టార్పాలిన్ మీద పడుకోబెట్టి పాతిక మీటర్లు లాగి చూడండి. నలుగురు కలిసి మెడ కదలకుండా ఒకేసారి పక్కకు తిప్పడం కూడా అక్కడే చెయ్యొచ్చు. చుట్టూ జనం మూగుతారు, "ఏటైంది గురూ?" అని కంగారుపడతారు. ముందే చెప్పెయ్యండి.

కిట్‌లో మనం మామూలుగా పెట్టేవి అక్కడ కొన్ని పని చెయ్యవు. కొబ్బరినూనె మనాలీ చేరేలోపే గడ్డకడుతుంది. బాల్‌పెన్ రాయదు, పెన్సిల్ తీసుకెళ్లండి. టేపు చలికి అంటుకోదు, లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచుకోవాలి. ఫోన్ కూడా అక్కడే, లేకపోతే 40 శాతం చూపించిన బ్యాటరీ ఉన్నట్టుండి చచ్చిపోతుంది. రబ్బరు గ్లవ్స్ ఒక సైజు పెద్దవి కొంటే లోపలి పలచటి గ్లవ్స్ మీద ఎక్కుతాయి. బ్యాచ్‌లో షుగర్ ఉన్నవాళ్లుంటే వాళ్ల ఇన్సులిన్ గడ్డకట్టకూడదు, ఒకసారి గడ్డకట్టినది కరిగినా వాడకూడదు. గ్లూకోమీటర్ కూడా చలికి మొరాయిస్తుంది.

బయల్దేరే ముందు ప్రతి ఒక్కరి జబ్బులు, మందులు, అలెర్జీలు, ఇంటి నంబరు ఒక కాగితం మీద రాయించుకోండి. ఫారంలో అందరూ "ఏమీ లేవు" అనే రాస్తారు. కోర్సులో చేర్చుకోరేమో అన్న టెన్షన్. అందుకే నేను రైల్లో ఒక్కొక్కరి పక్కన కూర్చుని మళ్లీ అడుగుతాను. విజయనగరం దాటేలోపు ఒక ఆస్తమా, ఒక ఫిట్స్ బయటపడతాయి.

అక్కడికి చేరాక రోజూ రాత్రి భోజనాల తర్వాత సాక్సులు విప్పించి, టార్చి వేసి, ఇరవై మంది కాలివేళ్లు చూస్తాను. మొదటి రాత్రి నవ్వుకుంటారు, ఆడపిల్లలు సిగ్గుపడతారు. మూడో రాత్రికి నేను అడగకుండానే సాక్సులు విప్పి వరసగా కూర్చుంటారు.