కోబాట్‌కు చేత్తో చెప్పడం, దీపంలో చదవడం

కంప్యూటర్ నియంత్రణలో లోహాన్ని చెక్కే సీఎన్‌సీ యంత్రంలో ముడి ముక్కను బిగించి, తయారైన భాగాన్ని బయటకు తీసే పనికి 5 కిలోలు మోయగల యూఆర్5ఈ వంటి కోబాట్‌ను (మనిషి పక్కనే పనిచేసే రోబో చేయిని) పెట్టుకున్నప్పుడు, పక్కన నిలబడే ఆపరేటర్ ముందుగా నేర్చుకోవలసింది ప్రోగ్రామింగ్ కాదు. దానికి విషయం ఎలా తెలియజేయాలో, అది తెలియజేసేదాన్ని ఎలా గ్రహించాలో నేర్చుకోవాలి.

మొదట బరువు చెప్పండి. గ్రిప్పర్ (చేయి కొసన ముక్కను పట్టే భాగం) బరువు, పట్టుకునే ముక్క బరువు, వాటి గరిమనాభి టీచ్ పెండెంట్‌లో (కోబాట్‌కు పని నేర్పే, చేతిలో పట్టుకునే తెర పలకలో) సరిగా నమోదు కావాలి. ఫ్రీడ్రైవ్‌లో (మనం చేత్తో కదిపే స్థితిలో) కోబాట్ చేయి దానంతటదే కిందికి జారుతుంటే బరువు తక్కువగా, పైకి లేస్తుంటే ఎక్కువగా రాశారని అనుమానించండి. చాలామంది ఈ దశను దాటేసి, తరువాత అకారణంగా ఆగిపోతోందని యంత్రాన్ని తిట్టుకుంటారు.

ఆ తరువాత చేయి పట్టుకుని దారి చూపించండి. నేరుగా చక్ (యంత్రంలో ముక్కను బిగించే పట్టు) దగ్గరికి తీసుకుపోకుండా, దానికి జానెడు దూరంలో ఒక బిందువును, ముక్కను పట్టే చోట మరొక బిందువును నమోదు చేసి, తొలి పరుగును వేగం బాగా తగ్గించి చూడండి. మూడు స్థానాల స్విచ్ ఉన్న పెండెంట్ అయితే, దాన్ని సగం వరకు నొక్కి పట్టినప్పుడే చేయి కదులుతుంది. వదిలేసినా, గట్టిగా బిగించినా ఆగుతుంది. కంగారులో మనిషి చేసేవి ఆ రెండే కదా.

కోబాట్ మనకు చెప్పేది రంగు దీపాల స్తంభమైన టవర్ ల్యాంప్ ద్వారా. యంత్రాల విద్యుత్ భద్రతా ప్రమాణమైన ఐఈసీ 60204-1 ప్రకారం ఎరుపు అత్యవసర స్థితికి, పసుపు అసాధారణ స్థితికి, ఆకుపచ్చ సాధారణ స్థితికి, నీలం ఆపరేటర్ తప్పక చేయవలసిన పనికి గుర్తులు. కాబట్టి ట్రే ఖాళీ అయినప్పుడు నీలం వెలిగేలా అమర్చుకోవడం మంచిది. తెరపై వచ్చే సందేశం "లోపం 3" అని కాకుండా, "రెండో ట్రే నింపి, కొనసాగించు నొక్కండి" అన్నట్లుగా ఉండాలి.

మాటతో ఆజ్ఞలిచ్చే ఏర్పాట్లు ఉన్నా, కంప్రెసర్ హోరులో వాటిని నమ్ముకోకండి. ముఖ్యంగా ఆపడానికి మాటపై ఆధారపడకూడదు. ట్రే నింపడానికి పాజ్ వాడండి, ఎర్ర బటన్‌ను ప్రమాదానికే ఉంచండి. తగిలితే ఆగుతుందన్న భరోసాకూ హద్దుంది: శరీర భాగాలను బట్టి బల పరిమితులు సూచించిన ఐఎస్ఓ/టీఎస్ 15066 అనే కోబాట్ భద్రతా పత్రం 2016లో వెలువడినా, గ్రిప్పర్‌లో పదునైన అంచున్న ముక్క ఉన్నప్పుడు ఆ మెత్తని తాకిడి కూడా చేతిని కోస్తుంది.

షిఫ్టు మారేటప్పుడు ఏ బిందువును ఎందుకు జరిపారో పుస్తకంలో రాసి, వచ్చినవారి ఎదుట ఒక్కసారి నెమ్మదిగా నడిపి చూపించండి.