భయపడే బాల్ పైథాన్‌ను చేతికి అలవాటు చేయడం ఎలా

కొత్తగా ఇంటికొచ్చిన బాల్ పైథాన్ అనే చిన్నజాతి కొండచిలువ మీ చెయ్యి కనపడగానే తల లోపలికి దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంటే, లేదా బుసకొట్టి మెడ వెనక్కి లాగుతుంటే, అది కోపిష్టి పాము అనుకోవద్దు. పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డినేలల్లో ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లో దాక్కుని బతికే జీవి అది. పెద్ద జంతువు ఏది దగ్గరికొచ్చినా తనను తినడానికే వచ్చిందనుకుంటుంది. పాము కుక్కలా ప్రేమతో దగ్గరవదు. ఈ చెయ్యి తనను తినేదీ కాదు, తను తినేదీ కాదు అని దానికి తెలిస్తే చాలు. అది తెలియాలంటే మీరు ప్రతిసారీ ఒకే పద్ధతిలో, ఒకే వేగంతో దాన్ని తీసుకోవాలి. చేతికి అలవాటు చేయడమంటే ఇంతే.

ముందుగా ఒక హెచ్చరిక. ఇక్కడ చెప్పేదంతా పెంపకంలో పుట్టిన, విషం లేని బాల్ పైథాన్ గురించే. పొలంలోనో పెరట్లోనో కనపడిన పాము మీద ఇందులో ఒక్క ముక్క కూడా ప్రయోగించకండి. మన దగ్గర రక్తపింజరిని కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో పట్టుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. పైగా మన అడవుల్లో, పొలాల్లో ఉండే పాముల్ని ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. బాల్ పైథాన్ సైటిస్ (వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉంది కాబట్టి, మన దేశంలో 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం దాన్ని కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. విదేశాల్లో ఉన్నవాళ్లు అక్కడి నియమాలు చూసుకోండి: హవాయిలో ఏ పామునూ పెంచడానికి వీల్లేదు, ఆస్ట్రేలియాలో బయటి దేశాల పాముల్ని పెంచనివ్వరు.

చెయ్యి పెట్టేముందు ట్యాంకు సరిచేయండి

భయం చాలావరకు పామును ఉంచే ట్యాంకులోనే పుడుతుంది. పాము చేతికి రావట్లేదని బాధపడేవాళ్లలో ఎక్కువమంది ముందు చూడాల్సింది థర్మామీటర్. ట్యాంకులో ఒక కొస 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, రెండో కొస 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. తేమ 55 నుంచి 65 శాతం, కుబుసం విడిచే రోజుల్లో 70 దాకా. హీట్ మ్యాట్ (కింద పరిచే వేడి పలక) పెట్టినా బల్బు పెట్టినా దానికి థర్మోస్టాట్ (వేడిని అదుపులో ఉంచే పరికరం) తప్పనిసరి. అది లేకపోతే పొట్ట కింద చర్మం కాలిపోతుంది, ఒళ్లు మండుతున్న పాము ముట్టుకోనివ్వదు.

దాక్కునే గూళ్లు రెండు కావాలి, వెచ్చటి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి. పాము చుట్టుకుని కూర్చుంటే ఒళ్లు మూడు వైపులా గోడలకు తగిలేంత ఇరుకుగా ఉండాలి. పెద్ద గూడైతే హాయిగా ఉంటుందని మనకు అనిపిస్తుంది గానీ, వీపుకు ఏదో ఒకటి ఆనితే తప్ప దీనికి ధైర్యం రాదు. ట్యాంకుకు మూడు వైపులా నల్ల కాగితం అంటించండి, మధ్యలో ఖాళీ లేకుండా ప్లాస్టిక్ ఆకులు, బెరడు ముక్కలు నింపండి. తలుపు పక్కన, స్పీకర్ల పక్కన ట్యాంకు పెట్టొద్దు. నేల అదురు పాముకు ఒళ్లంతా తెలుస్తుంది.

తెచ్చాక 7 నుంచి 10 రోజులు అసలు తాకొద్దు. నీళ్లు మార్చడం, మలం తీయడం వరకే. వారం దాటాక మొదటి ఎలుక ఇవ్వండి. అది వరుసగా రెండు మూడుసార్లు సరిగ్గా తిన్నాకే చేతికి తీసుకోవడం మొదలుపెట్టాలి. తిండి మానేయడంలో ఈ జాతికి పెట్టింది పేరు, పైగా మానేయడానికి ముఖ్య కారణాల్లో బెదురు ఒకటి.

ఏ రోజు వద్దు

తిన్నాక కనీసం 48 గంటలు, ఎలుక పెద్దదైతే 72 గంటలు కదపకూడదు. కదిపితే కక్కేస్తుంది. కక్కిన పాముకు రెండు వారాలు తిండి ఆపి, ఆ తర్వాత చిన్న ఎలుకతో మొదలుపెట్టాలి. కళ్లు పాలనీలంగా మసకబారితే కుబుసం విడవబోతోందని అర్థం. నాలుగైదు రోజుల్లో కళ్లు మళ్లీ తేటపడతాయి, అప్పుడు మోసపోకండి. కుబుసం ఇంకా రాలేదు, అది పూర్తిగా విడిచేదాకా ఆగాలి. ఆ రోజుల్లో చూపు సరిగా ఆనదు, ఒళ్లు సున్నితంగా ఉంటుంది. ఎలుక పెట్టే రోజు కూడా వద్దు.

ఒళ్లు ఏం చెబుతోందో చూడండి

నాలుక నెమ్మదిగా, ఒకే తీరుగా ఆడిస్తూ, తల అటూ ఇటూ తిప్పుతుంటే పాము పరిసరాల్ని చూసుకుంటోంది. అది మంచి గుర్తు. నాలుక పూర్తిగా ఆగిపోయి, ఒళ్లు బిగుసుకుని, పక్కటెముకల దగ్గర ఊపిరి వేగంగా కొట్టుకుంటుంటే భయపడింది. మెడ ఇంగ్లిష్ ఎస్ అక్షరంలా మడిచి, తల కొంచెం పైకెత్తి వెనక్కి లాగితే, చెయ్యి అక్కడే ఆపండి.

వేట భంగిమ వేరు, కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. చీకటిపడ్డాక గూడులోంచి తల మాత్రం బయటపెట్టి, కదలకుండా, మూతి కిందికి వంచి ఉంటుంది. చూడ్డానికి ఎంతో ప్రశాంతంగా అనిపిస్తుంది. నిజానికి ఎలుక కోసం కాచుకుని కూర్చుంది. పై పెదవి పొడవునా ఉండే చిన్న గుంటలతో అది వేడిని పసిగడుతుంది, మీ వేళ్లు దానికి వెచ్చటి ఎలుకలాగే తోస్తాయి. అందుకే చీకటిపడక ముందే, సాయంత్రం వెలుతురు ఉండగానే చేతికి తీసుకోవడం మేలు.

తీసుకునే పద్ధతి

వాసన లేని సబ్బుతో చేతులు కడుక్కోండి. ఎలుకనో కుక్కనో పిల్లినో ముట్టుకున్న చేత్తో వెళ్తే కరిపించుకోవడానికి వెళ్లినట్టే. ఉంగరాలు, వాచీ తీసేయండి. పొడవు చేతుల చొక్కా చాలు. తోలు గ్లవ్స్ నాకు నచ్చవు: పట్టు ఎంత బిగిస్తున్నామో మనకు తెలియదు, మన వాసన పాముకు అలవాటు కాదు. చెయ్యి వణుకుతోందనిపిస్తే గ్లవ్స్ బదులు చిన్న స్నేక్ హుక్ (పామును ఎత్తే కొక్కెం కర్ర) కొనుక్కోండి.

మూత తీసి పది ఇరవై సెకన్లు ఊరికే ఉండండి. తర్వాత హుక్‌తోనో, చుట్టిన టిష్యూ పేపర్‌తోనో పాము ఒంటి వెనక భాగాన్ని రెండు మూడు సెకన్లు మెల్లగా నిమరండి. తల దగ్గర కాదు. ఇది తిండి కాదు అనే కబురు దానికి ఇదే. ప్రతిసారీ చేస్తే కొన్ని వారాల్లో ఆ స్పర్శకే ఒళ్లు వదులు చేయడం మొదలుపెడుతుంది. ఎలుక పెట్టేటప్పుడు మాత్రం ఇలా తాకకండి, రెండూ కలిసిపోతే ఈ గుర్తుకు విలువుండదు.

పాము గూడులో ఉంటే లోపలికి చెయ్యి పెట్టొద్దు, గూడునే పైకి లేపి పక్కన పెట్టండి. పైనుంచి దిగే చెయ్యి దానికి గద్దలా తోస్తుంది, కాబట్టి పక్కనుంచి, నేలకు దగ్గరగా రండి. ఒక చెయ్యి ఒంటి మొదటి మూడో వంతు కింద, రెండోది చివరి మూడో వంతు కింద పెట్టి ఒకే ఊపులో, నిదానంగా పైకెత్తండి. ముందుకు పెట్టి, జంకి, వెనక్కి తీసి, మళ్లీ పెట్టడం అన్నిటికంటే చెడ్డ పని. అలా ఊగిసలాడే చేతినే పాము కొడుతుంది. ఎత్తాలని నిశ్చయించుకుంటేనే చెయ్యి పెట్టండి, లేకపోతే ఆ రోజుకు మూత పెట్టేయండి.

చేతికొచ్చాక పట్టుకోకండి, మోయండి. ముందుకు పోతుంటే దాని ముందు రెండో చెయ్యి పరవండి, పోనివ్వండి. కింద కూర్చునో, మంచం మీద కూర్చునో చేస్తే జారిపడినా దెబ్బ తగలదు. తల మీ ముఖానికి దూరంగా ఉండాలి, మెడలో వేసుకోవద్దు. మణికట్టుకు బిగించి చుట్టుకుంటే తల వైపు నుంచి లాగకుండా తోక వైపు నుంచి ఒక్కో చుట్టూ విప్పండి.

మొదటి వారం ట్యాంకులోనే తాకడం, ఒకటి రెండు నిమిషాలు, రెండుసార్లు. రెండో వారం బయటికి తీసి మూడు నిమిషాలు. ఆ తర్వాత వారానికి రెండు మూడుసార్లు, ఐదు నిమిషాల నుంచి పెంచుకుంటూ పదిహేనో ఇరవయ్యో నిమిషాల దగ్గర ఆపండి. ఏసీ గదిలో ఇంకా తక్కువ సేపు. రోజూ తీస్తే త్వరగా అలవాటవుతుందనేది నిజం కాదు, తిండి మానేస్తుంది. వెనక్కి పెట్టేటప్పుడు చెయ్యి ట్యాంకులోకి దించి, దానంతట అదే దిగేదాకా ఆగండి.

అనుకున్నట్టు జరగకపోతే

బంతిలా చుట్టుకుపోతే విప్పే ప్రయత్నం చేయొద్దు. ఒడికి దగ్గరగా, రెండు అరచేతుల్లో కదలకుండా ఉంచుకోండి. మూడు నాలుగు నిమిషాలకు చుట్ల మధ్యనుంచి ముందు మూతి, తర్వాత నాలుక బయటికొస్తాయి. నాలుక ఆడటం మొదలయ్యాక ఒక నిమిషం ఆగి దించేయండి. అంత చాలు ఆ రోజుకు. ఎంతసేపటికీ విప్పుకోకపోతే అలాగే గూడులో పెట్టేయండి, తర్వాతి వారం ట్యాంకులో తాకడం దగ్గర మళ్లీ మొదలుపెట్టండి.

బుసకొడితే చెయ్యి వెనక్కి గుంజకండి, ఉన్నచోటే ఆపండి. కంపు కొట్టే ద్రవం వదిలితే కడుక్కుంటే పోతుంది. పిల్ల పాములు నోరు మూసుకునే మూతితో పొడిచి బెదిరిస్తుంటాయి, గాయం కాదు.

నిజంగా కరిస్తే, భయంతో కరిచినదైతే క్షణంలో వదిలేస్తుంది. తిండి అనుకుని కరిస్తే పట్టుకుని చుట్టుకుంటుంది. ఏదైనా లాగొద్దు. పళ్లు వెనక్కి వంగి ఉంటాయి, లాగితే మీ చర్మం చీరుతుంది, దాని పళ్లు విరిగి నోట్లో పుండవుతుంది. వదలకపోతే ఆ చేతిని చల్లటి కుళాయి నీటి కింద పెట్టండి, వదులుతుంది. గాయాన్ని ఐదు నిమిషాలు సబ్బుతో కడిగి, టెటనస్ ఇంజెక్షన్ గడువు గురించి డాక్టర్‌ను అడగండి.

ఇవన్నీ పాటించినా ఆరు వారాల తర్వాత పాము ఇంకా బెదురుతుంటే జబ్బు ఉందేమో చూడాలి. నీళ్ల గిన్నెలో మిరియపు పొడిలా నల్ల చుక్కలు తేలుతుంటే అవి మైట్స్, అంటే పాము రక్తం పీల్చే చిన్న పురుగులు. ఊపిరిలో టిక్ టిక్ శబ్దం, నోటి చుట్టూ బుడగలు, నోరు తెరిచి ఊపిరి పీల్చడం ఉంటే ఊపిరితిత్తుల జబ్బు. సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. స్పైడర్ మార్ఫ్ (పెంపకంలో వచ్చిన ఒక రంగు రకం) పాము తల వణికించడం, పక్కకు ఒరిగిపోవడం బెదురు కాదు, ఆ రంగుతో పాటు వచ్చే పుట్టు లోపం, అలవాటు చేస్తే పోదు. అలాంటి పాముకు తల కింద కూడా చెయ్యి ఆనించి, రెండు మూడు నిమిషాలకే దించేయండి.

పాము ఆరోగ్యంగా కనపడినా ఒంటి మీద సాల్మొనెల్లా (మనుషులకు జబ్బు చేసే బ్యాక్టీరియా) ఉండొచ్చు. దించిన వెంటనే సబ్బుతో చేతులు కడగాలి, నీళ్ల గిన్నెను వంటింటి సింకులో తోమకూడదు. ఐదేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్లకు పామును చేతికివ్వకండి.