పోస్టాఫీసు ఆర్‌డీ తెరిచే ముందు జాగ్రత్తలు

ఆర్‌డీ అంటే రికరింగ్ డిపాజిట్, నెలనెలా ఒకే మొత్తం కట్టే పొదుపు ఖాతా. కనీసం నెలకు 100 రూపాయలు, ఆపైన పదుల్లో ఎంతైనా. అయిదేళ్లు, అంటే 60 వాయిదాలు కట్టగలిగిన మొత్తమే ఎంచుకోండి. మొదటి ఉత్సాహంలో ఎక్కువ రాసేయకండి.

ఖాతా తెరిచే తేదీ చూసుకోండి. 15లోపు తెరిస్తే ప్రతి నెలా 15లోగా కట్టాలి. 16 నుంచి తెరిస్తే నెలలో చివరి పనిదినం వరకు గడువుంటుంది. జీతం నెలాఖరున వచ్చేవారికి రెండోదే నయం.

వాయిదా తప్పితే ప్రతి వందకు రూపాయి రుసుము. అది చిన్నదే. వరుసగా నాలుగు తప్పితేనే ప్రమాదం: ఖాతా నిలిచిపోతుంది, రెండు నెలల్లోగా పునరుద్ధరించుకోకపోతే మళ్లీ కట్టే వీలుండదు.

అన్నిటికన్నా ముఖ్యం, మధ్యలో మూసేయడం. మూడేళ్లు నిండాకే అనుమతిస్తారు. గడువుకు ఒక్క రోజు ముందు మూసినా ఆర్‌డీ వడ్డీ రాదు, సేవింగ్స్ ఖాతా వడ్డీయే ఇస్తారు. ఇంత కష్టపడి కూడబెట్టి అక్కడ నష్టపోవడం నిజంగా బాధాకరం. డబ్బు అత్యవసరమైతే ముందు రుణం అడగండి; 12 వాయిదాలు కట్టి, ఏడాది నిండితే జమలో సగం వరకు ఇస్తారు.

నామినీ పేరు తప్పక రాయించండి. పాస్‌పుస్తకంలో ప్రతి జమా అక్కడే సరిచూసుకోండి, ముఖ్యంగా ఏజెంటు ద్వారా కడుతుంటే.