తొక్కు పెట్టే ముందు సిల్వర్ బేసిన్ పక్కన పెట్టండి

తొక్కు మామిడికాయ వచ్చేసింది, వరంగల్ ఎనుమాముల మార్కెట్ మిర్చి ఎండి కారం కూడా పట్టించేసి ఉంటారు. కాయలు కడగకముందే ఒక మాట వినండి. ముక్కలు కలపడానికి అటక మీది పెద్ద సిల్వర్ బేసిన్ దించొద్దు. మనం సిల్వర్ అనేది అల్యూమినియమే.

దాన్ని కాపాడేది పైన ఉండే కంటికి కనపడనంత పల్చని ఆక్సైడ్ పొర. పీహెచ్ సుమారు 4 కంటే తగ్గితే, అంటే పులుపు బాగా ఎక్కువైతే ఆ పొర కరుగుతుంది. మామిడిలో ఉండే సిట్రిక్, మాలిక్ యాసిడ్లు, చింతపండులో ఉండే టార్టారిక్ యాసిడ్ బలహీనమైనవే, ఒకపూట పులుసు కాచినందుకు టెన్షన్ అక్కర్లేదు. తొక్కు సంగతి వేరు. పులుపుకు దండిగా ఉప్పు తోడవుతుంది, ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడ ఛేదిస్తుంది, పైగా రోజుల తరబడి ఊరబెడతాం కాబట్టి లోపల తెల్ల మచ్చలు, సన్న గుంటలు పడి, కరిగిన లోహమంతా తొక్కులోకే దిగుతుంది. జాడీ మూతికి అల్యూమినియం ఫాయిల్ చుట్టినా దానికీ చిల్లులే. ఒంట్లో చేరిన అల్యూమినియాన్ని బయటికి పంపేది కిడ్నీలు, అందుకే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల ఇంట్లో ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. కలపడానికి స్టీలు, నిల్వకు జాడీ లేదా గాజు సీసా.

తొక్కు పని అయ్యాక గిన్నెలు తోమేటప్పుడు అసలు భయం. మొండి మరకలకని బాత్రూం యాసిడ్ పోస్తారు కొందరు, దయచేసి ఆ పని చేయకండి. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. పై పొర కరిగేదాకా ఏమీ కానట్టే ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా బుసబుస పొంగి, గిన్నె కాలిపోయేంత వేడెక్కి హైడ్రోజన్ వస్తుంది, తలుపులు వేసిన గదిలో దానికి నిప్పురవ్వ చాలు. ఆ యాసిడ్‌ను సిల్వర్ చెంబులో కూడా పోయొద్దు.

గాఢ నైట్రిక్ యాసిడ్‌ను అల్యూమినియం ట్యాంకుల్లో కూడా తరలిస్తారు కదా అని ఎవరైనా అంటే, అది నిజమే, ఆ యాసిడ్ పై పొరను తినేయకుండా ఇంకా గట్టి చేస్తుంది, కానీ ఆ లెక్క మిగతా యాసిడ్లకు వర్తించదు. సింకు జామ్ తీసే కాస్టిక్ సోడా యాసిడ్ కాకపోయినా సిల్వర్‌ను అంతే వేగంగా తినేస్తుంది, హైడ్రోజన్ కూడా వస్తుంది.

యాసిడ్ గానీ కాస్టిక్ సోడా గానీ చేతి మీదో కంట్లోనో పడితే పసుపు, నూనె రాయొద్దు. కనీసం 15 నుంచి 20 నిమిషాలు నీళ్లు ధారగా పోస్తూనే ఉండండి, కంట్లో పడితే ఆ తర్వాత వెంటనే ఆసుపత్రికి పోండి.