వంక పొంగకముందు, వరద తీశాక: చేలో చేయాల్సిన పనులు

మన సీమలో వరద రోజుల ముందు చెప్పి రాదు. ఎగువన రాత్రి కురిస్తే తెల్లారేసరికి వంక చేలో ఉంటుంది. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేటి ఒడ్డు పొలాలు ఇసుక మేటల కింద పడ్డాయి. అందుకే ఈ పనులు ఎండలున్నప్పుడే చేసుకోవాలి.

అన్నిటికంటే ముందు నీళ్లు పోయే దారి చూడండి. వరద భయంతో చుట్టూ గెనాలు (గట్లు) ఎత్తు పెంచితే లోపల నీళ్లు నిలిచి, మెత్తబడ్డ చోట గండి కొట్టి, పైమట్టిని ఊడ్చుకుపోతాయి. పల్లపు మూలన రెండు మూడు అడుగుల వెడల్పున గెనం ఎత్తు తగ్గించి, చెరువు మరవలాగా బండరాళ్లు పరచండి. ఆ నీళ్లు పక్క చేను మీద పడతాయి కాబట్టి ఆ రైతుతో మాట్లాడుకుని, కాలువ వంక దాకా కలిసి తీయండి. అరటి, బొప్పాయి తోటల్లో సాళ్ల మధ్య అడుగు లోతు కాలువలు ఉండాలి. బొప్పాయి మొదట్లో రెండు రోజులు నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది, చెట్టు ఇక తేరుకోదు.

మోటారు స్టార్టర్ పెట్టెను మెరకలో బిగించండి. వాన ముదిరేలోపే ఫ్యూజులు తీసేయండి. నీళ్లలో నిలబడి స్టార్టర్ ముట్టుకోవద్దు, ప్రాణం పోతుంది. మునిగిన మోటారును వైండింగ్ ఆరబెట్టించి, మెకానిక్ కరెంటు లీకేజీ పట్టే మెగ్గర్‌తో చూశాకే ఆన్ చేయాలి.

పశువులకు గొంతువాపు, గొర్రెలు, మేకలకు చిటుకు రోగం టీకాలు వానలకు ముందే వేయించండి. వంక పక్క దొడ్డిలో రాత్రిళ్లు పశువులను కట్టేసి ఉంచొద్దు. తాడుంటే ఈదలేవు. బూజు పట్టిన గడ్డి మేపొద్దు.

వరద తీశాక శుభ్రం చేయడం మొదలుపెట్టకముందే ఫొటోలు తీయండి. బీమా ఉంటే 72 గంటల్లోపు తెలపాలి. ఇసుక మేటలో కర్ర గుచ్చి లోతు కొలవండి. మూడంగుళాలు దాటితేనే మేట తొలగింపుకు ప్రభుత్వ సాయం లెక్కలోకి వస్తుంది. అధికారులు చూసి రాసుకున్నాకే బ్లేడు ట్రాక్టరు పెట్టండి.

తర్వాత పంట. కుందూ నది పక్క వరి పడిపోయి వెన్ను మీదే మొలకెత్తుతుంటే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నులు తడిసేలా కొట్టండి, ఎకరాకు 200 లీటర్లకు 10 కిలోలు పడుతుంది. బుడ్డల (వేరుశనగ) చేను నీరెక్కి లేతాకులు తెల్లబారితే అది ఇనుము లోపం. యూరియా వేసినా పచ్చబడదు. లీటరుకు 5 గ్రాముల అన్నభేది, గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు చల్లండి. పీకాక తడిసిన కాయలను కుప్పగా ఉంచితే విషపు బూజు పడుతుంది. పలుచగా ఆరబోసి, ఊపితే లోపల గింజ గలగలమనే దాకా ఎండనివ్వండి. నల్లబడిన గింజలను పశువులకూ పెట్టొద్దు. పత్తి వడలితే లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపండి.

నల్లరేగడిలోకి తొందరపడి ట్రాక్టరు దించొద్దు. తడి మీద దున్నితే పెడ్డలు కడుతుంది, ఆ ఏడంతా మొలక సరిగా రాదు. పిడికిట్లో నొక్కిన మట్టి వేలితో తాకగానే రాలినప్పుడు దున్నండి. పంట పూర్తిగా పోయిన రేగడిలో నవంబరులోనూ శనగ వేసుకోవచ్చు, కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా (తెగుళ్లను ఆపే మేలైన బూజు పొడి) పట్టించి.