ల్యాప్‌టాప్ లేకుండా ఫోన్‌లోనే కోడింగ్: టెర్మక్స్, డెబియన్ పెట్టుకునే విధానం

ఫోన్‌లో లైనక్స్ నడవాలంటే రూట్ చేయాలని, అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం తీసుకోవాలని ఇంకా చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లైనక్స్ కెర్నలే. లేనివల్లా మనకు అలవాటైన షెల్, కంపైలర్, ప్యాకేజీలు. వాటిని తెచ్చిపెట్టే యాప్ టెర్మక్స్. 4 జీబీ ర్యామ్, 6 జీబీ ఖాళీ ఉంటే పైథాన్, నోడ్, సీ, జావా ప్రాక్టీసు, చిన్న వెబ్ ప్రాజెక్టు హాయిగా నడుస్తాయి.

ఒక మాట ముందే. కింద కమాండ్లను ఫోన్‌లో పక్కవాళ్లకు చదివి చెప్పినట్టు తెలుగులోనే రాశాం. కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలు వాడండి. "పీకేజీ" అంటే ఆ మూడు అక్షరాలే, ఖాళీ లేకుండా.

ఎక్కడి నుంచి దించాలి

ఎఫ్-డ్రాయిడ్ అనే ఓపెన్ సోర్స్ యాప్‌ల స్టోర్ నుంచి గానీ, గిట్‌హబ్‌లో టెర్మక్స్ రిలీజుల పేజీ నుంచి గానీ దించండి. ప్లే స్టోర్‌లో కనిపించేది వేరే బిల్డ్. దీనికి కారణం ఆండ్రాయిడ్ 10లో వచ్చిన నిబంధన: ఏపీఐ 29 (ఆండ్రాయిడ్ 10కి ఉన్న అంతర్గత నంబరు) లేదా ఆపైన టార్గెట్ చేసిన యాప్, తన ఫోల్డర్‌లోకి దించుకున్న ప్రోగ్రాములను నేరుగా నడపకూడదు. టెర్మక్స్ చేసే పనే అది కాబట్టి అసలు బిల్డ్ 28 దగ్గరే ఆగింది. అందుకే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "పాత ఆండ్రాయిడ్ కోసం తయారైన యాప్" అని ఫోన్ హెచ్చరించవచ్చు. కంగారు పడనక్కర్లేదు.

టెర్మక్స్‌ను ఎక్కడి నుంచి దించితే టెర్మక్స్ ఏపీఐ, బూట్ వంటి తోడు యాప్‌లను కూడా అక్కడి నుంచే దించాలి. రెండు చోట్లా సంతకాల కీలు వేరు, కలిపితే ఇన్‌స్టాలే కాదు.

యాప్ తెరవగానే "పీకేజీ అప్‌గ్రేడ్" కొట్టండి. మధ్యలో ఏదో కాన్ఫిగ్ ఫైలు మార్చాలా, ఉంచాలా అని అడిగితే ఎంటర్ నొక్కితే సరిపోతుంది, పాతదే ఉంటుంది. రెపో (ప్యాకేజీలు ఉండే సర్వర్) దొరకలేదని ఎర్రర్ వస్తే "టెర్మక్స్-ఛేంజ్-రెపో" కొట్టి వేరే మిర్రర్, అంటే అవే ప్యాకేజీలున్న ఇంకో సర్వర్ ఎంచుకోండి. ఈ అప్‌గ్రేడ్ దాటేసి నేరుగా ఏదో ఒక ప్యాకేజీ ఎక్కిస్తే, "కెనాట్ లింక్ ఎగ్జిక్యూటబుల్" అంటూ ఉన్నవి కూడా ఆగిపోతాయి. కొత్త లైబ్రరీ, పాత ప్రోగ్రాము కలవకపోవడమే దాని అర్థం. విరుగుడు మళ్లీ పూర్తి అప్‌గ్రేడే.

"యూనేమ్ -ఎం" కొట్టి చూడండి. ఏఆర్క్64 అని వస్తే 64 బిట్, మంచిది. చవక ఫోన్లలో కొన్నింటిలో ప్రాసెసర్ 64 బిట్ అయినా సిస్టం 32 బిట్‌ది పెడతారు. అలాంటి వాటిలో బేసిక్ పనులు అవుతాయిగానీ పెద్ద టూల్స్ చాలావరకు దొరకవు.

ప్రాజెక్టు ఎక్కడ పెట్టాలి

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. "టెర్మక్స్-సెటప్-స్టోరేజ్" కొట్టి అనుమతి ఇస్తే డౌన్‌లోడ్స్, ఫోటోల ఫోల్డర్లు టెర్మక్స్‌కు కనిపిస్తాయి. ఫైల్ మేనేజర్‌లో కనపడుతుంది కదా అని ప్రాజెక్టును కూడా అక్కడే పెడతారు. ఆ షేర్డ్ స్టోరేజ్ సింలింకులను (వేరే ఫైలుకు దారి చూపే లింకులను) ఒప్పుకోదు, ఫైలుకు ఎగ్జిక్యూట్ అనుమతి నిలవనివ్వదు. నోడ్ ప్యాకేజీలు ఎక్కించే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ సగంలో అనుమతి లేదని ఆగుతుంది, స్క్రిప్టులు నడవవు, గిట్ "ఓనర్‌షిప్ అనుమానాస్పదం" అంటుంది. ఒక్కో ఎర్రర్‌కు ఒక్కో చిట్కా వెతుక్కోవడం వృథా. కోడ్ అంతా టెర్మక్స్ హోమ్‌లో, అంటే "సీడీ" అని ఒట్టిగా కొడితే వచ్చే చోట పెట్టండి. షేర్డ్ స్టోరేజ్‌ను ఫైళ్లు తెచ్చుకోవడానికి, పంపడానికి మాత్రమే వాడండి.

టెర్మక్స్‌లోనే అయ్యే పనులు

"పీకేజీ ఇన్‌స్టాల్ గిట్ పైథాన్ నోడ్‌జేఎస్-ఎల్‌టీఎస్ క్లాంగ్ మేక్ నానో" అంటే రోజువారీ సామగ్రి వచ్చినట్టే. సీ ల్యాబ్ ప్రోగ్రాములకు క్లాంగ్ చాలు. జీసీసీ అని కొట్టినా నడిచేది క్లాంగే.

గిట్‌హబ్ 2021 ఆగస్టు నుంచి పాస్‌వర్డ్‌తో పుష్ చేయనివ్వదు. ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ ప్యాకేజీ ఎక్కించి, "ఎస్ఎస్‌హెచ్-కీజెన్ -టీ ఈడీ25519" తో కీ తయారుచేసి, పబ్లిక్ కీని గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో అతికించండి.

పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే టూల్ పిప్‌తో ఒక మెలిక ఉంది. "పిప్ ఇన్‌స్టాల్ నమ్‌పై" అంటే ఫోన్ వేడెక్కేదాకా కంపైల్ చేసి చివరకు ఎర్రర్ ఇవ్వవచ్చు. పిప్‌లో తయారుగా దొరికే ప్యాకేజీలు (వీల్స్) జీలిబ్‌సీ అనే సీ లైబ్రరీ ఉన్న లైనక్స్ కోసం కట్టినవి. ఆండ్రాయిడ్‌లో ఉండే సీ లైబ్రరీ బయోనిక్. ఆ వీల్స్ ఇక్కడ అతకవు కాబట్టి పిప్ సోర్స్ తెచ్చి మొదటి నుంచి కడుతుంది. దాని బదులు "పీకేజీ ఇన్‌స్టాల్ పైథాన్-నమ్‌పై" కొట్టండి. క్రిప్టోగ్రఫీ, ఎల్‌ఎక్స్‌ఎంఎల్ కూడా ఇలాగే పైథాన్ అనే ముందుమాటతో ఉన్నాయి. పిప్‌ను పిప్‌తోనే అప్‌గ్రేడ్ చేయకండి, టెర్మక్స్ దాన్ని కావాలనే అడ్డుకుంటుంది.

ఎన్‌పీఎంలో నేటివ్ మాడ్యూల్ కడుతూ "ఆండ్రాయిడ్_ఎన్‌డీకే_పాత్ నిర్వచించలేదు" అని ఆగితే, జీవైపీ_డిఫైన్స్ అనే పర్యావరణ చరరాశి (ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్)లో ఆ పాత్‌కు ఖాళీ విలువ ఇచ్చి ఎక్స్‌పోర్ట్ చేసి, మళ్లీ నడపండి. చరరాశి పేరు మాత్రం పెద్ద అక్షరాల్లో.

ఇంకో విచిత్రమైన ఎర్రర్: ఎక్కడి నుంచో దించిన లైనక్స్ బైనరీని నడిపితే "అలాంటి ఫైలు లేదు" అంటుంది. ఎల్ఎస్ కొడితే ఫైలు కళ్లెదుటే ఉంటుంది. లేనిది ఆ ఫైలు కాదు, దాన్ని లోడ్ చేయాల్సిన జీలిబ్‌సీ లోడర్. అక్కడ టెర్మక్స్ హద్దు అయిపోయింది, జీలిబ్‌సీ ఉన్న పూర్తి లైనక్స్ అయిన డెబియన్ కావాలి.

డెబియన్ ఎప్పుడు, ఎలా

ప్యాండాస్‌ను పిప్‌తో ఎక్కించాలన్నా, ఆండ్రాయిడ్ పేరు వింటేనే నడవనని మొరాయించే ఎన్‌పీఎం టూల్ కావాలన్నా డెబియన్‌కు వెళ్లండి. ఊరికే పెట్టకండి, చోటు తింటుంది.

"పీకేజీ ఇన్‌స్టాల్ ప్రూట్-డిస్ట్రో"
"ప్రూట్-డిస్ట్రో ఇన్‌స్టాల్ డెబియన్"
"ప్రూట్-డిస్ట్రో లాగిన్ డెబియన్"

లోపలికి వెళ్లాక "ఆప్ట్ అప్‌డేట్", ఆ తర్వాత "ఆప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3-వెన్వ్ గిట్ నానో". డెబియన్ 12 నుంచి పిప్‌ను నేరుగా వాడితే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్" అని తిప్పి పంపుతుంది. ప్రాజెక్టు ఫోల్డర్‌లో "పైథాన్3 -ఎం వెన్వ్ ఈఎన్‌వీ" కొట్టి, అలా ఆ ప్రాజెక్టుకు విడిగా తయారైన పైథాన్‌ను యాక్టివేట్ చేసి, ఆ లోపల పిప్ వాడండి. ఇక్కడ వీల్స్ అతుకుతాయి, ప్యాండాస్ కంపైల్ లేకుండా దిగుతుంది.

ప్రాంప్టులో రూట్ అని కనిపిస్తుంది, అది ఉత్తుత్తి రూట్. ప్రూట్ అనేది ప్రోగ్రాము చేసే సిస్టమ్ కాల్స్‌ను (కెర్నల్‌ను అడిగే పనులను) పీట్రేస్ అనే కెర్నల్ సదుపాయం ద్వారా మధ్యలో పట్టుకుని, దారులు మార్చి, "నువ్వు రూట్‌వే" అని నమ్మిస్తుంది. అందువల్లే మూడు పరిణామాలు. చిన్న ఫైళ్లు వేలకొద్దీ రాసే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ వంటివి టెర్మక్స్‌లో కంటే బాగా నెమ్మదిస్తాయి, లెక్కలు చేసే పనులకు మాత్రం పెద్ద తేడా ఉండదు. సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ లేదు కాబట్టి "సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్" పనిచేయదు, సర్వీసును చేత్తో నడపాలి. డాకర్ అసలు రాదు, దానికి కావాల్సిన నేమ్‌స్పేసులు, సీగ్రూపులు నిజమైన రూట్ లేనిదే దొరకవు.

డేటాబేస్ కావాలంటే డెబియన్‌లో కాకుండా టెర్మక్స్‌లోనే మరియాడీబీ గానీ పోస్ట్‌గ్రెస్ గానీ పెట్టండి. పోస్ట్‌గ్రెస్ రూట్‌గా నడవనంటుంది, ఉత్తుత్తి రూట్‌ను కూడా నిజమనే నమ్ముతుంది. పోర్టులు రెండు వైపులా ఒకటే, కాబట్టి డెబియన్‌లోని కోడ్ లోకల్‌హోస్ట్‌తోనే దాన్ని అందుకుంటుంది. 1024 కంటే చిన్న పోర్టులు మాత్రం ఎవరికీ దొరకవు. 80 బదులు 8080 వాడండి.

సిగ్నల్ 9

పని మధ్యలో "ప్రాసెస్ కంప్లీటెడ్, సిగ్నల్ 9" అని సెషన్ చచ్చిపోతే తప్పు మీ కోడ్‌ది కాకపోవచ్చు. ఆండ్రాయిడ్ 12 నుంచి ఫాంటమ్ ప్రాసెస్ కిల్లర్ వచ్చింది. యాప్‌లు పుట్టించిన పిల్ల ప్రాసెసులు మొత్తం ఫోన్ మీద 32 దాటితే కొన్నింటిని చంపేస్తుంది. ఒక డెవ్ సర్వర్, ఒక కంపైల్, ఎడిటర్ కలిస్తే 32 దాటడం ఎంతసేపు?

ఆండ్రాయిడ్ 14, ఆపైన అయితే డెవలపర్ ఆప్షన్స్‌లో "డిజేబుల్ చైల్డ్ ప్రాసెస్ రిస్ట్రిక్షన్స్" ఉందేమో చూసి ఆన్ చేయండి. 13లో కంప్యూటర్ అవసరం లేకుండా ఫోన్ నుంచే చేయవచ్చు. "పీకేజీ ఇన్‌స్టాల్ ఆండ్రాయిడ్-టూల్స్" (ఫోన్‌కు కమాండ్లు పంపే ఏడీబీ ఇందులోదే) అన్నాక డెవలపర్ ఆప్షన్స్‌లో వైర్‌లెస్ డీబగ్గింగ్ ఆన్ చేసి, జత కోడ్ తెరను, టెర్మక్స్‌ను స్ప్లిట్ స్క్రీన్‌లో పక్కపక్కన పెట్టండి. ఆ తెర నుంచి బయటికి వస్తే కోడ్ చెల్లకుండా పోతుంది. "ఏడీబీ పెయిర్ లోకల్‌హోస్ట్:" తర్వాత ఆ కిటికీలోని పోర్టు. జత కుదిరాక "ఏడీబీ కనెక్ట్ లోకల్‌హోస్ట్:" తర్వాత ప్రధాన పేజీలోని పోర్టు. ఈ రెండు పోర్టులూ వేరు, అందరూ తడబడేది ఇక్కడే. చివరగా:

"ఏడీబీ షెల్ సెట్టింగ్స్ పుట్ గ్లోబల్ సెట్టింగ్స్_ఎనేబుల్_మానిటర్_ఫాంటమ్_ప్రాక్స్ ఫాల్స్"

దీనికి తోడు ఫోన్ కంపెనీల బ్యాటరీ పొదుపు ఉండనే ఉంది. టెర్మక్స్ బ్యాటరీ సెట్టింగును అన్‌రిస్ట్రిక్టెడ్ చేయండి, ఆటోస్టార్ట్ అనే మీట ఉంటే అదీ ఆన్ చేయండి. సుదీర్ఘమైన పని మొదలుపెట్టే ముందు "టెర్మక్స్-వేక్-లాక్" కొట్టండి, అయ్యాక "టెర్మక్స్-వేక్-అన్‌లాక్". అది మరిచిపోతే తెల్లారేసరికి చార్జింగ్ ఉండదు.

కీబోర్డు, ఎడిటర్

వాల్యూమ్ తగ్గించే బటన్ కంట్రోల్‌గా పనిచేస్తుంది. వాల్యూమ్ పెంచే బటన్‌తో ఈ నొక్కితే ఎస్కేప్, టీ నొక్కితే ట్యాబ్, క్యూ నొక్కితే అదనపు మీటల వరుస వస్తుంది, పోతుంది. ఆ వరుసను ఎడమకు జరిపితే మామూలు టెక్స్ట్ పెట్టె వస్తుంది, పొడుగు కమాండ్‌ను అక్కడ సరిచూసుకుని పంపవచ్చు.

నానోతో విసుగొస్తే వీఎస్ కోడ్‌ను బ్రౌజర్‌లో తెరవండి. "పీకేజీ ఇన్‌స్టాల్ టీయూఆర్-రెపో", ఆ తర్వాత "పీకేజీ ఇన్‌స్టాల్ కోడ్-సర్వర్". "కోడ్-సర్వర్" అని నడిపి, క్రోమ్‌లో లోకల్‌హోస్ట్:8080 తెరవాలి. పాస్‌వర్డ్ హోమ్‌లోని .కాన్ఫిగ్ ఫోల్డర్‌లో, కోడ్-సర్వర్ పేరిట ఉన్న కాన్ఫిగ్ ఫైలులో ఉంటుంది. తెలుగు వచనంతో పనిచేసేవాళ్లకు ఇదే దారి. టెర్మినల్ ఒక్కో అక్షరాన్ని గడిలో కూర్చోబెట్టాలని చూస్తుంది, వత్తులు, గుణింతాలు గడులకు లొంగవు, కర్సర్ ఒక చోట, అక్షరం ఒక చోట ఉంటాయి. ఫైలులో డేటా మాత్రం చెడదు, బ్రౌజర్‌లో సరిగ్గానే కనిపిస్తుంది.

స్నేహితుడి ల్యాప్‌టాప్ కాసేపు దొరికితే ఫోన్‌లో "పాస్‌డబ్ల్యూడీ" తో పాస్‌వర్డ్ పెట్టి, "ఎస్ఎస్‌హెచ్‌డీ" నడిపి, ల్యాప్‌టాప్ నుంచి 8022 పోర్టుకు కలవండి. 22 కాదు. హాస్టల్ వైఫైలో కలవకపోతే రూటర్ ఒక పరికరాన్ని ఇంకో పరికరానికి కనపడనివ్వడం లేదని అనుమానించండి. యూఎస్‌బీ కేబుల్ పెట్టి ల్యాప్‌టాప్‌లో "ఏడీబీ ఫార్వర్డ్ టీసీపీ:8022 టీసీపీ:8022" కొడితే వైఫైతో పనే లేదు.

పిక్సెల్ ఫోన్ ఉంటే 2025 మార్చి అప్‌డేట్‌తో గూగుల్ ఇచ్చిన టెర్మినల్ యాప్ కూడా చూడవచ్చు. డెవలపర్ ఆప్షన్స్‌లో లైనక్స్ డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్ ఆన్ చేస్తే నిజమైన వర్చువల్ మెషీన్‌లో డెబియన్ దిగుతుంది. అక్కడి రూట్ ఆ మెషీన్ వరకు అసలైనదే, సిస్టమ్‌డీ కూడా ఉంటుంది.

టెర్మక్స్ యాప్‌ను తీసేస్తే, యాప్ డేటా చెరిపేస్తే, హోమ్‌లో ఉన్నదంతా పోతుంది. షేర్డ్ స్టోరేజ్‌లోకి వారానికోసారి ఒక కాపీ తీయండి: "టార్ -జెడ్‌సీఎఫ్ /ఎస్‌డీకార్డ్/బ్యాకప్.టార్.జీజెడ్ -సీ /డేటా/డేటా/కామ్.టెర్మక్స్/ఫైల్స్ హోమ్ యూఎస్ఆర్". ఇందులో రెండో సీ ఒక్కటే పెద్ద అక్షరం. డెబియన్ కూడా యూఎస్ఆర్ కిందే ఉంటుంది కాబట్టి అదీ వస్తుంది, ఫైలు పెద్దదవుతుంది. కోడ్ ఒక్కటే ముఖ్యమైతే యూఎస్ఆర్ వదిలేసి హోమ్ మాత్రం తీయండి.